మారే మణికట్టు - మారని గొలుసు

మనం ఒంటిమీద వేసుకునే వస్తువులలో చాలా భాగం మన ఒంటిని బట్టి సర్దుకుంటాయి. చొక్కా గుడ్డ కొద్దిగా సాగుతుంది. పంచె బిగువనిపిస్తే ముడి వదులు చేసుకుంటాం. తోలు చెప్పులు కొత్తలో కరిచినా పది రోజులలో పాదానికి అలవాటు పడతాయి. ఉక్కుతో చేసిన చేతి గడియారపు గొలుసు మాత్రం ఇలా సర్దుకునే రకం కాదు. దుకాణంలో ఎంత పొడవు పెట్టి ఇస్తే, ఏళ్ళు గడిచినా దాదాపు అంత పొడవే ఉంటుంది.

ఇక ఆ గొలుసు ఉండవలసిన మణికట్టు సంగతి చూడండి. అది రోజూ మారుతూనే ఉంటుంది. పొద్దున ఉన్న చుట్టుకొలత సాయంత్రం ఉండదు. ఎండలో తిరిగివస్తే ఒక కొలత, చన్నీళ్ళ స్నానం చేస్తే ఇంకో కొలత. మారే వస్తువుకు మారని వస్తువు తొడగాలంటే ఎంత బిగువుగా తొడగాలి? చూడటానికి ఇది చాలా చిన్న ప్రశ్న. కాని దీనికి జవాబు చెప్పాలంటే మన రక్తం ఎలా ప్రవహిస్తుందో, వృత్తం లెక్క ఏమిటో, ఉక్కు ఎలా అరుగుతుందో, కొంచెం కొంచెం తెలియాలి.

గడియారం పెట్టుకునేవాళ్ళను గమనించి చూడండి. కొందరికి గొలుసు గాజులాగా మోచేతి దాకా జారుతూ ఉంటుంది. చెయ్యి దించితే గడియారం అరచేతి మీదికి వచ్చేస్తుంది. మరికొందరు గడియారం తీస్తే చేతిమీద లింకులన్నీ అచ్చు గుద్దినట్టు కనిపిస్తాయి. వీళ్ళిద్దరిలో ఎవరిది సరి అయిన పద్ధతి? ఇద్దరిదీ కాదు.

గాజూ, గొలుసూ

గాజులమ్మేవాళ్ళు చెయ్యి చూడగానే, "రెండు-నాలుగు సరిపోతుంది," అనో, "రెండు-ఆరు కావాలి," అనో చెప్పేస్తారు. ఈ అంకెలకు అర్థం మీకు తెలుసా? రెండు-నాలుగు అంటే రెండు అంగుళాలూ, అంగుళంలో పదహారోవంతులు నాలుగూ అన్నమాట. అంటే గాజు లోపలి వ్యాసం రెండుంపావు అంగుళాలు. దాన్ని 3.14తో హెచ్చిస్తే చుట్టుకొలత ఏడు అంగుళాల పైచిల్లర, సుమారు 18 సెంటీమీటర్లు వస్తుంది.

అటువంటి గాజు వేసుకునే మనిషి మణికట్టు చుట్టూ దారం పెట్టి కొలిస్తే 15 సెంటీమీటర్లే ఉండవచ్చు. మరి గాజు అంత వదులుగా ఎందుకు ఉండాలి? ఎందుకంటే అది తెరుచుకోదు. బొటనవేలు మడిచి, అరచెయ్యి ముడిచి, ఎముకల మీదుగా దాన్ని ఎక్కించాలి. అందుచేత గాజు కొలత అరచేతిని బట్టి ఉంటుంది, మణికట్టును బట్టి కాదు.

గడియారపు గొలుసుకు ఈ ఇబ్బంది లేదు. దానికి లాకు ఉన్నది. లాకు తెరిస్తే గొలుసు వెడల్పవుతుంది, అరచెయ్యి సులువుగా దూరుతుంది. లాకు వేస్తే మణికట్టు దగ్గరికి వస్తుంది. కనక గొలుసు కొలత మణికట్టును బట్టే ఉండాలి. గొలుసును గాజంత వదులుగా పెట్టుకోవలసిన పని లేదు.

మణికట్టు లోపల ఏమున్నది?

మీ ఎడమ చెయ్యి బోర్లా పెట్టి మణికట్టు చూసుకోండి. చిటికెన వేలి వైపున ఒక ఎముక బుడిపెలాగా పైకి కనిపిస్తుంది. ముంజేతిలో ఉండే రెండు పొడుగు ఎముకలలో ఒకదాని చివర అది. దానికి కిందుగా, అరచేతి మొదట్లో, ఎనిమిది చిన్న ఎముకలు రెండు వరసలుగా అమరి ఉన్నాయి. మన మణికట్టు అన్ని వైపులకూ వంగటానికి కారణం ఈ చిన్న ఎముకలే.

గడియారం ఉండవలసిన చోటు ఆ బుడిపెకు పైన, మోచేతి వైపు. బుడిపె మీదనే గడియారం కూర్చుంటే ఎముకకూ ఉక్కుకూ మధ్య చర్మం నలుగుతుంది. బుడిపె దాటి కిందికి జారితే, చెయ్యి వంచినప్పుడల్లా కీ తిప్పే బొడిపె చేతి వెనుక భాగంలో గుచ్చుకుంటుంది.

ఇప్పుడు అరచేతిని పైకి తిప్పండి. మణికట్టు దగ్గర నీలంగా కనిపించేవి సిరలు. ఇవి రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకుపోతాయి. బొటనవేలి వైపున వేలు ఆనిస్తే టకటకమని కొట్టుకునేది ధమని. గుండె నుంచి రక్తాన్ని తెచ్చేది అదే. పిడికిలి బిగిస్తే తాళ్ళలాగా పైకి లేచేవి స్నాయువులు. ముంజేతి కండరాలు వేళ్ళను ఈ తాళ్ళతోనే లాగుతాయి. ఇన్ని వస్తువులు ఆ కొద్ది చోటులో ఇరుక్కుని ఉన్నాయి. అక్కడ కొవ్వు, కండ తక్కువ. పైనుంచి నొక్కితే ఆ నొక్కుడు తిన్నగా వీటికే తగులుతుంది.

ఒక చిన్న ప్రయోగం

ఈ ప్రయోగానికి ఖర్చేమీ లేదు. ఒక కాగితం నుంచి వేలెడు వెడల్పున పొడుగాటి ముక్క కత్తిరించండి. పొద్దున లేవగానే దాన్ని గడియారం పెట్టుకునే చోట మణికట్టు చుట్టూ చుట్టి, రెండు కొసలూ కలిసిన చోట పెన్సిలుతో గీత పెట్టండి. చుట్టటంలో కాగితం చర్మానికి ఆనాలి గాని, నొక్కకూడదు. స్కేలుతో కొలిచి పుస్తకంలో రాసుకోండి. ఇదే పని మధ్యాహ్నం ఒకసారి, బంతాట ఆడి వచ్చాక ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి చెయ్యండి. వారం రోజులపాటు ఇలా రాస్తే, ఒకే చేతికి ఎన్ని కొలతలు ఉన్నాయో తెలుస్తుంది. చాలామందికి కొన్ని మిల్లీమీటర్ల తేడా కనిపిస్తుంది.

ఈ తేడా ఎందుకు వస్తుంది? మన శరీరం తన లోపలి వేడిని ఎప్పుడూ 37 డిగ్రీలకు దగ్గరగా ఉంచుకోవాలి. ఎండలో తిరిగినా, పరుగెత్తినా లోపల వేడి పెరుగుతుంది. ఆ వేడిని బయటికి పంపటానికి చర్మం కింద ఉన్న సన్నని రక్తనాళాలు విప్పారుతాయి. వాటిలోకి ఎక్కువ రక్తం వస్తుంది. నాళాల గోడల గుండా కొంత నీరు చుట్టుపక్కలకు ఊరుతుంది. చేతులు కిందికి వేలాడేసి ఎక్కువసేపు నడిస్తే ఆ నీరు కిందనే నిలుస్తుంది. అందుచేత వేళ్ళూ, మణికట్టూ కొద్దిగా ఉబ్బుతాయి. చలిలో దీనికి పూర్తిగా వ్యతిరేకం జరుగుతుంది. నాళాలు ముడుచుకుంటాయి, చెయ్యి సన్నబడుతుంది. చలికాలం పొద్దున్నే చన్నీళ్ళతో స్నానం చేసేటప్పుడు ఉంగరాలు జారిపోవటానికి కారణం ఇదే.

"ఎండకు ఉక్కు కూడా వ్యాకోచిస్తుంది కదా! గొలుసు కూడా చేతితోపాటు పెరగదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. లెక్క వేసి చూద్దాం. గొలుసులకు వాడే ఉక్కు ఒక్కొక్క డిగ్రీ వేడికి తన పొడవులో పది లక్షల వంతులలో సుమారు 16 వంతులు పెరుగుతుంది. గొలుసు పొడవు 18 సెంటీమీటర్లు అనుకుందాం. వేడి 20 డిగ్రీలు పెరిగినా గొలుసు పెరిగేది ఒక మిల్లీమీటరులో నూరోవంతులు ఆరు మాత్రమే. అది ఒక తలవెంట్రుక మందం. మణికట్టు మిల్లీమీటర్లలో ఉబ్బుతూంటే గొలుసు వెంట్రుక వాసి పెరిగి ఏం లాభం?

భూమికి కట్టిన తాడు

గొలుసులో ఒక లింకు తీస్తే ఎంత బిగుస్తుందో తెలుసుకోవటానికి ఒక పాత లెక్క సహాయం చేస్తుంది. భూమి చుట్టూ, నడిమధ్యన, నేలకు ఆనుకుని ఒక తాడు కట్టామనుకోండి. దాని పొడవు సుమారు 40 వేల కిలోమీటర్లు. ఆ తాడుకు ఇంకొక్క మీటరు చేర్చి, భూమి చుట్టూ సమానంగా పైకి లేపామనుకోండి. నేలకూ తాడుకూ మధ్య ఎంత ఖాళీ వస్తుంది? కాగితం కూడా దూరదని చాలామంది అంటారు. నిజానికి 16 సెంటీమీటర్ల ఖాళీ వస్తుంది! పిల్లి సుఖంగా దూరిపోవచ్చు.

ఇంకా విచిత్రమేమిటంటే, తాడును భూమికి కాక ఒక నారింజపండుకు కట్టి మీటరు చేర్చినా ఖాళీ అంతే వస్తుంది. ఎందుకంటే చుట్టుకొలత అంటే వ్యాసార్ధాన్ని 6.28తో హెచ్చించగా వచ్చేది. చుట్టుకొలతకు ఎంత చేర్చినా, వ్యాసార్ధం అందులో 6.28వ వంతే పెరుగుతుంది. వస్తువు పెద్దదా, చిన్నదా అన్న దానితో పని లేదు.

మణికట్టుకూ ఇదే లెక్క. గొలుసులో ఒక లింకు పొడవు 8 మిల్లీమీటర్లనుకుందాం. అది తీసేస్తే చుట్టూ ఖాళీ తగ్గేది మిల్లీమీటరుంపావు మాత్రమే. ఇంత చిన్న తేడాకే గొలుసు "వదులు" నుంచి "బిగువు"కు మారిపోతుంది. ఒక లింకు ఉంటే జారుతుంది, అది తీసేస్తే కరుస్తుంది. అందుకనే లాకు పక్కన వరసగా రెండు మూడు చిన్న రంధ్రాలు పెడతారు. గొలుసు కొసన ఉన్న స్ప్రింగు పిన్నును ఒక రంధ్రం నుంచి పక్క రంధ్రంలోకి మారిస్తే, లింకు మొత్తం తియ్యకుండానే రెండు మూడు మిల్లీమీటర్లు సవరించవచ్చు. చాలామందికి ఈ రంధ్రాలు ఎందుకున్నాయో తెలియదు. గొలుసు ఇబ్బంది పెడుతున్నా అలాగే సహిస్తూ ఉంటారు.

బిగువైతే ఏమవుతుంది?

గొలుసు మరీ బిగువుగా ఉంటే ముందు బాధపడేది చర్మం. ఉక్కు గుండా గాలి ఆడదు. లింకుల కింద చెమట నిలుస్తుంది. సబ్బు నురుగూ, దుమ్మూ చేరుతాయి. నాలుగు రోజులకు దురద, ఎర్రని పొక్కులు వస్తాయి.

కొందరికి నికెల్ అనే లోహం పడదు. గొలుసులకు వాడే తుప్పు పట్టని ఉక్కులో కూడా నికెల్ ఉంటుంది. కాని అది ఉక్కులో గట్టిగా బంధించబడి ఉంటుంది గనక బయటికి వచ్చేది చాలా తక్కువ. చవకరకం గొలుసులకు పైన నికెల్ పూత ఉంటుంది. చెమట తగిలితే అందులోని నికెల్ సులువుగా చర్మంలోకి దిగుతుంది. దీనివల్ల బాధపడేవారు ఎక్కువ కావటంతో, చర్మానికి తగిలే వస్తువులలోంచి నికెల్ ఎంతకు మించి బయటికి రాకూడదో ఐరోపా దేశాలవారు 1994లో నియమం చేశారు.

చర్మం తరవాత బాధపడేది నరం. బొటనవేలి వైపున చర్మానికి చాలా దగ్గరగా ఒక నరం పోతుంది. బొటనవేలి వెనుక భాగానికి స్పర్శజ్ఞానం ఇచ్చేది అదే. బిగువైన గొలుసు దాన్ని రోజుల తరబడి నొక్కితే అక్కడ తిమ్మిరి, మంట, సూదులు గుచ్చినట్టుండటం జరుగుతుంది. రాబర్ట్ వార్టెన్‌బర్గ్ అనే నరాల వైద్యుడు 1932లో ఈ బాధను వివరించాడు. ఇప్పటికీ వైద్యులు దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. బిగువు తీసేస్తే చాలామందికి ఈ బాధ తగ్గిపోతుంది.

వదులైతే ఏమవుతుంది?

"అయితే బాగా వదులుగానే పెట్టుకుందాం," అనుకోకండి. వదులు గొలుసుకు దాని కష్టాలు దానికున్నాయి. గడియారం చేతిచుట్టూ తిరిగి బల్లలకూ, గోడలకూ, సైకిలు హాండిలుకూ కొట్టుకుంటుంది. కుదురుగా ఉన్న గడియారం చేతితోపాటు ఆగుతుంది. వదులుగా ఉన్నది చెయ్యి ఆగినా తాను ఇంకొంచెం పోయి ఎముకకు టక్కున తగులుతుంది.

అంతకన్న పెద్ద నష్టం గొలుసుకే జరుగుతుంది. పాత గొలుసును అడ్డంగా పట్టుకుంటే వానపాములాగా కిందికి వాలిపోతుంది. "గొలుసు సాగింది," అంటారు. నిజానికి ఉక్కు సాగలేదు. లింకులను కలిపే పిన్నులూ, ఆ పిన్నులు దూరే రంధ్రాలూ అరిగాయి. చెమటా దుమ్మూ కలిస్తే సాన పెట్టే ముద్దలాగా పనిచేస్తాయి. లింకులు కదిలినప్పుడల్లా అది లోపల రాపాడుతుంది. ఒక్కొక్క పిన్ను దగ్గర మిల్లీమీటరులో పదోవంతు అరిగితే, ఇరవై పిన్నుల దగ్గర మొత్తం రెండు మిల్లీమీటర్లవుతుంది. గొలుసు వదులైనకొద్దీ కదలిక ఎక్కువ. కదలిక ఎక్కువైనకొద్దీ అరుగుదల ఎక్కువ. చివరకు ఏదో ఒక రోజు బస్సు ఎక్కుతూండగా పిన్ను ఊడిపోతుంది, గడియారం ఎక్కడో పడిపోతుంది.

ఈ కాలపు గడియారాలలో కొన్ని గుండె వేగం కూడా లెక్కపెడతాయి. వాటి అడుగున ఆకుపచ్చ దీపం మినుకుమినుకుమంటూ ఉంటుంది. రక్తం ఆకుపచ్చ వెలుగును పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద రక్తం పెరిగి, తిరిగి వచ్చే వెలుగు తగ్గుతుంది. ఆ తగ్గటాన్ని లెక్కపెట్టి గడియారం అంకె చూపుతుంది. గొలుసు వదులైతే బయటి వెలుతురు చొరబడి లెక్క తప్పుతుంది. మరీ బిగిస్తే అక్కడి రక్తమే పక్కకు తొలగిపోయి లెక్క తప్పుతుంది. మనకు హాయిగా ఉండే బిగువే ఆ యంత్రానికి కూడా కావాలి.

ఉక్కు గొలుసు ఎలా వచ్చింది?

వందేళ్ళ కిందట మగవాళ్ళు గడియారాన్ని జేబులో పెట్టుకుని, గొలుసుతో చొక్కాకు తగిలించుకునేవారు. 1914 నుంచి 1918 దాకా జరిగిన మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులకు జేబులో చెయ్యి పెట్టి గడియారం తీసే తీరిక లేకపోయింది. చేతికి కట్టుకునే గడియారం అప్పుడు బాగా వ్యాపించింది. కాని ఆ రోజుల్లో దాన్ని కట్టుకునేది తోలు పట్టీతో. తోలు చెమటకు కుళ్ళుతుంది, వానకు మెత్తబడుతుంది.

యుద్ధానికి ముందే, 1913లో, ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణంలో హారీ బ్రియర్లీ అనే ఆయన తుపాకి గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం పరిశోధనలు చేస్తున్నాడు. నూటికి సుమారు 13 పాళ్ళు క్రోమియం కలిపిన ఉక్కు ఒకటి ఆయనకు తుప్పు పట్టకుండా కనిపించింది. క్రోమియం గాలిలోని ప్రాణవాయువుతో కలిసి ఉక్కు మీద కంటికి కనిపించని పొరగా ఏర్పడుతుంది. గీత పడితే ఆ పొర మళ్ళీ తనంతట తానే కప్పుకుంటుంది. ఇటువంటి ఉక్కు లేకపోతే మన చెమటకు ఈ గొలుసులు కొద్ది నెలలలోనే తుప్పు పట్టి ఉండేవి.

మన దేశంలో హెచ్.ఎం.టి. సంస్థ 1961లో బెంగుళూరులో, జపాను దేశపు సిటిజన్ సంస్థ సహకారంతో చేతి గడియారాలు చెయ్యటం ప్రారంభించింది. 1980లలో హైదరాబాదులోని ఆల్విన్ సంస్థ కూడా గడియారాలు చేసింది. తాతగారిదో, నాన్నగారిదో అటువంటి గడియారం ఈనాటికీ కొందరి ఇళ్ళలో బీరువాలో భద్రంగా ఉన్నది.

సముద్రంలోనూ, చంద్రుడిమీదా

మణికట్టు లావు మారటం ఒక్కొక్కప్పుడు పెద్ద సమస్య అవుతుంది. సముద్రంలో మునిగి పనిచేసేవాళ్ళు చలికి తట్టుకోవటానికి మందమైన రబ్బరు దుస్తులు వేసుకుంటారు. ఆ రబ్బరులో కోట్ల కొద్దీ సన్నని గాలిబుడగలు ఉంటాయి. గడియారాన్ని ఆ దుస్తుల మీద కట్టుకుంటారు. పది మీటర్ల లోతుకు పోయేసరికి వాళ్ళమీద ఒత్తిడి రెట్టింపవుతుంది. బుడగలు దాదాపు సగానికి నలుగుతాయి, రబ్బరు పలచనవుతుంది. ఒడ్డున బిగువుగా ఉన్న గొలుసు నీటిలో వదులైపోతుంది! ఈతగాళ్ళ గడియారాలకు లాకులో మడిచిపెట్టిన అదనపు ముక్క ఉంటుంది. దాన్ని విప్పితే గొలుసు దుస్తుల మీదికి సరిపోతుంది, మడిస్తే మళ్ళీ ఒట్టి చేతికి సరిపోతుంది. కొన్ని రకాల రబ్బరు పట్టీలను హార్మోనియం తిత్తిలాగా ముడతలు ముడతలుగా చేస్తారు. దుస్తులు నలిగినకొద్దీ ఆ ముడతలు తమంతట తామే దగ్గరికి ముడుచుకుంటాయి.

1969 జులైలో బజ్ ఆల్డ్రిన్ చంద్రుడిమీద నడిచినప్పుడు ఆయన చేతికి ఒమేగా గడియారం ఉన్నది. దాన్ని మందమైన అంతరిక్ష దుస్తుల పైన పెట్టుకోవాలి. లోపల గాలి నింపిన ఆ దుస్తుల చెయ్యి మామూలు చెయ్యికన్న చాలా లావు. ఏ ఉక్కు గొలుసూ దానికి సరిపోదు. అందుచేత పొడుగాటి గుడ్డపట్టీ వాడారు. ఎంత బిగువు కావాలంటే అంత లాగి, ఒకదానిమీద ఒకటి అంటించుకునే పట్టీ అది.

మీ కొలత ఎలా చూసుకోవాలి?

మనం చంద్రుడిమీదికి పోకపోయినా, మన మణికట్టుకు సరిపడే కొలత తెలుసుకోవాలి గదా. దానికి కొన్ని సులువైన పరీక్షలున్నాయి.

మొదటిది చిటికెన వేలు పరీక్ష. గొలుసు పెట్టుకుని లాకు వేశాక, అరచేతి వైపున లాకు కింద రెండో చేతి చిటికెన వేలి కొస దూర్చండి. కొంచెం ఆనుతూ దూరాలి. అసలు దూరకపోతే గొలుసు బిగువు. రెండు వేళ్ళు కలిపి దూరితే వదులు.

రెండోది పిడికిలి పరీక్ష. పిడికిలి గట్టిగా బిగించి, మణికట్టును ముందుకూ వెనక్కూ వంచండి. స్నాయువులు లేచినప్పుడు గొలుసు చేతికి ఆనవచ్చు గాని, చర్మాన్ని కొరకకూడదు.

మూడోది జారుడు పరీక్ష. చెయ్యి కిందికి దించి మెల్లగా ఊపండి. గడియారం ఒక వేలెడు మేర జారితే ఫరవాలేదు. ఎముక బుడిపె దాటిపోతేనూ, గడియారపు ముఖం అరచేతి వైపుకు తిరిగిపోతేనూ వదులన్నమాట.

నాలుగోది అచ్చు పరీక్ష. రాత్రి గడియారం తీశాక చేతిమీద పలచని గీతలుండి, కొద్ది నిమిషాలలో మాసిపోతే భయం లేదు. ఎర్రని లోతైన అచ్చు చాలాసేపు ఉంటే ఒక రంధ్రం వదులు చెయ్యాలి.

ఈ పరీక్షలు ఎప్పుడు చెయ్యాలి? ఇదే ముఖ్యం. గొలుసు కొలత సాయంత్రం పూట చూసుకోవటం మంచిది. అప్పుడు చెయ్యి కొంచెం ఉబ్బి ఉంటుంది. సంక్రాంతి చలిలో పొద్దున్నే దుకాణానికి పోయి బిగువుగా లింకులు తీయించుకుంటే, రోళ్ళు పగిలే రోహిణీ కార్తె ఎండలకు ఆ గొలుసు సంకెల అవుతుంది. చలికాలంలో తీయిస్తే ఒక రంధ్రం వదులుకు చోటు ఉంచమని చెప్పాలి.

లింకులు తియ్యటం గడియారాలు బాగుచేసేవాళ్ళ పని. లింకు లోపలి వైపు చిన్న బాణం గుర్తు ఉంటే, పిన్నును ఆ బాణం చూపిన వైపుకే తోసి తియ్యాలి. లాకు మణికట్టు కింద సరిగా మధ్యకు రావటానికి రెండు వైపులా సమానంగా లింకులు తీస్తారు. ఇంట్లో సూదీ సుత్తీ పెట్టి పొడిస్తే పిన్ను వంగిపోతుంది, కంటికి కూడా ప్రమాదమే. కాని నెలకొకసారి గొలుసును కడగటం మీరే చెయ్యవచ్చు. గడియారంలోకి నీరు పోకుండా చేసినదైతేనే, లేదా గొలుసును విడిగా తీసి ఇస్తేనే, గోరువెచ్చని సబ్బునీళ్ళలో మెత్తని పళ్ళ బ్రష్షుతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. నీళ్ళు నల్లగా మారటం చూస్తే, పిన్నులను అరగదీసేదేమిటో మీకే తెలుస్తుంది.

ఆపదలో మొదటి పని

ఇంతవరకూ చెప్పినది హాయికి సంబంధించినది. ఇప్పుడు చెప్పేది ప్రాణానికి సంబంధించినది. పెద్దలూ, పిల్లలూ అందరూ గుర్తు పెట్టుకోవాలి.

చెట్టుమీది నుంచి పడి చెయ్యి బెణికినా, విరిగినా, తేనెటీగలు కుట్టినా, పాము కరిచినా చెయ్యి ఉబ్బుతుంది. రక్తపింజరి వంటి పాము కరిస్తే వాపు చాలా తొందరగా పెరగవచ్చు. అప్పుడు చేతికి మారని గొలుసు ఉంటే ఏమవుతుంది? సిరలలో రక్తపు ఒత్తిడి తక్కువ గనక ముందు అవి మూసుకుపోతాయి. ధమనులలో ఒత్తిడి ఎక్కువ గనక అవి రక్తాన్ని ఇంకా లోపలికి తోస్తూనే ఉంటాయి. వచ్చే దారి తెరిచి ఉన్నది, పోయే దారి మూసుకున్నది. చెయ్యి ఇంకా ఉబ్బుతుంది. గొలుసు ఇంకా బిగుస్తుంది. చివరకు వేళ్ళకు రక్తమే అందకుండా పోయే ప్రమాదం ఉన్నది.

అందుచేత చేతికి దెబ్బ తగలగానే, వాపు రాకముందే, గడియారమూ, ఉంగరాలూ, గాజులూ, దారాలూ తీసెయ్యాలి. కాలికి తగిలితే పట్టీలూ, మెట్టెలూ తియ్యాలి. పాము కరిచినవారిని కదలకుండా పడుకోబెట్టి, ధైర్యం చెప్పి, ఏమాత్రం ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి. కరిచిన చోట కొయ్యకూడదు, నోటితో పీల్చకూడదు, పైన తాడుతో బిగించి కట్టకూడదు. గొలుసు బిగుసుకుంటే ఏం నష్టమో, తాడు కట్టినా అదే నష్టం.

లాకు ఎలా తెరవాలో గడియారం పెట్టుకున్నవారికి ఒక్కరికే తెలిస్తే చాలదు. ఒక్కొక్క లాకు ఒక్కొక్క రకం: కొన్నిటికి రెండు పక్కలా నొక్కాలి, కొన్నిటికి పైమూత లేపాలి. మీ నాన్నగారి గడియారమో, అమ్మగారి గడియారమో ఒకసారి అడిగి తీసుకుని, లాకు తెరవటం నేర్చుకోండి. చిటికెన వేలు దూరే కొలతలో ఉన్న గొలుసును చెయ్యి ఉబ్బే లోపల సులువుగా తీయవచ్చు.

తీసిన లింకులను పారెయ్యకండి

దుకాణంలో తీసిన లింకులను చాలామంది అక్కడే వదిలేస్తారు. అది పొరపాటు. వాటిని పిన్నులతో సహా కాగితంలో పొట్లం కట్టి, గడియారం ఎవరిదో రాసి, బీరువాలో దాచాలి. పదో తరగతి చదివేవాడి మణికట్టు ఇంకా పెరుగుతుంది. ఈ రోజు నాన్నగారి గడియారంలో నాలుగు లింకులు తీసి పెట్టుకుంటే, మూడేళ్ళలో వాటిలో రెండు మళ్ళీ వెయ్యవలసి రావచ్చు. ఆ లింకులు పోతే, అదే రకంవి దొరకటం కష్టం. పాత గడియారాలకైతే మరీ కష్టం.

కాగితం ముక్కతో మీరు కొలిచి రాసుకున్న అంకెలు కూడా ఆ పొట్లంలోనే పెట్టండి. వచ్చే ఏడు ఇదే నెలలో మళ్ళీ కొలిచి, పాత అంకెల పక్కన కొత్తవి రాయండి. గొలుసు పొడవు అంతే ఉంటుంది. మీ చెయ్యి ఎంత పెరిగిందో ఆ అంకెలే మీకు చెబుతాయి.